అమ్మకపు కాగితాలూ ఆడవాళ్ల సంతకాలూ

(మహిళా కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఇల్లు అమ్మేవాళ్లు కొనేవాళ్లకు ఏయే కాగితాలు ఇవ్వాలి అన్న విషయం మీద మాట్లాడతానన్నప్పుడు నిర్వాహకుల్లో ఒకరు నవ్వారు. "అది డాక్యుమెంట్ రైటర్ చెప్పాల్సింది కదా, మీరెందుకు?" అన్నారు. నేను న్యాయవాదిని కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. అయితే కుటుంబాల్లో ఆస్తి ఎలా చేతులు మారుతుందో తెలుసుకోవడానికి కొన్నేళ్లుగా ఇళ్ల దస్తావేజులు చదువుతున్నాను. శుభలేఖల కంటే, గోడ మీది ఫోటోల కంటే ఈ కాగితాలే ఒక కుటుంబం గురించి ఎక్కువ చెబుతాయి. ముఖ్యంగా ఆ ఇంటి ఆడవాళ్ల గురించి. వాళ్ల పేరు ఉన్నచోట కొంత తెలుస్తుంది, ఉండాల్సి ఉండీ లేనిచోట ఇంకా ఎక్కువ తెలుస్తుంది.

మన సంఘాల దగ్గరికి స్త్రీలు ఎప్పుడు వస్తారు? దాదాపు ఎప్పుడూ ఇల్లు అమ్ముడైపోయిన తర్వాతే. ఒకామె "సంతకం పెట్టమన్నారు, పెట్టాను" అంటుంది. ఇంకొకామె "నన్ను అడగనే లేదండీ" అంటుంది. ఈ రెండూ ఒకే సమస్య కాదు. మొదటామెకు హక్కు ఉంది కాబట్టే ఆమె సంతకం కావలసి వచ్చింది. రెండో ఆమెకు చట్టం దృష్టిలో యాజమాన్యం లేకపోయి ఉండొచ్చు, లేదా ఉన్నదాన్ని కాగితాల్లో దాచేసి ఉండొచ్చు. ఏది జరిగిందో తేల్చుకోవాలంటే అమ్మినవాళ్లు ఇచ్చిన కాగితాల కట్ట చదవడం మనకు రావాలి. వీలైతే అమ్మకానికి ముందే చదవాలి.

అమ్మేవాళ్ల బాధ్యత ఏమిటన్నది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్‌లో ఉంది. కొనేవాళ్లు అడిగినప్పుడు తన దగ్గర ఉన్న, తాను తెప్పించగలిగిన హక్కు పత్రాలన్నీ అమ్మేవాళ్లు చూపించాలి. హక్కు గురించి వేసిన ప్రశ్నలకు తనకు తెలిసినంతలో జవాబు చెప్పాలి. మామూలు జాగ్రత్తతో కొనేవాళ్లు కనిపెట్టలేని లోపం ఏదైనా తనకు తెలిసి ఉంటే దాన్ని దాచకూడదు. పూర్తి సొమ్ము ముట్టాక అసలు పత్రాలు అప్పగించాలి. తోబుట్టువు వాటాను దాచిపెట్టి అమ్మడం కూడా ఈ బాధ్యతను తప్పడమే. మన దగ్గర మాత్రం దీన్ని ఎవరూ ఆ కోణంలో చూడరు. కొనేవాడికి నష్టం జరిగితే మోసం, చెల్లెలికి జరిగితే ఇంటి వ్యవహారం.

ఇక వాడుకలో ఆ కట్టలో ఏముంటాయంటే: అమ్మేవారి పేరిట ఉన్న అసలు దస్తావేజు, దానికి ముందు ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు, ఇల్లు కట్టుకోవడానికి తెచ్చుకున్న ప్లాను అనుమతి, బ్యాంకు అప్పు ఉంటే అది తీరినట్టు కాగితం, అపార్టుమెంటైతే సొసైటీకి బాకీ లేదన్న లేఖ, ఆధార్, పాన్. వీటిలో చాలావాటి గురించి మనం ఎక్కువ మాట్లాడుకోనక్కర్లేదు. పన్ను రసీదు ఎవరి పేర ఉంటే ఇల్లు వాళ్లదని మన ఊళ్లలో ఒక నమ్మకం ఉంది. అది నిజం కాదు. రసీదు పన్ను కట్టినందుకు రుజువు, అంతే. తండ్రి పోయాక రికార్డుల్లో అన్నయ్య పేరు ఎక్కించుకున్నంత మాత్రాన ఇల్లు అన్నయ్యది అయిపోదు.

ఈసీ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. "ఈసీ నిల్ వచ్చిందండీ, ఏ గొడవా లేదు" అంటారు. ఆ ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీలు ఏవేవి ఉన్నాయో మాత్రమే ఈసీ చెబుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు వచ్చాక దాన్ని తెచ్చుకోవడం చాలా తేలికైంది, అది మంచిదే. కాని చనిపోయిన తండ్రి ఇంట్లో కూతురికి పుట్టే వాటా రిజిస్టరు కావలసిన లావాదేవీ కాదు. మరణంతోనే అది ఆమెకు సంక్రమిస్తుంది. భార్య మనోవర్తి హక్కూ ఈసీలో కనపడదు. రిజిస్టరు చేయని వీలునామా కనపడదు. కోర్టులో వేసిన భాగపంపిణీ దావా కూడా, ఆ ఉత్తర్వులేవైనా రిజిస్ట్రేషన్ ఆఫీసుకు చేరి నమోదైతే తప్ప, సాధారణంగా కనపడదు. అంటే ఆడవాళ్ల హక్కులు ఏయే రూపాల్లో ఉంటాయో ఆ రూపాలన్నీ ఈసీకి అందకుండానే పోతాయి. ఇంటికి చిక్కేమీ లేదని ప్రభుత్వ ముద్రతో వచ్చే కాగితంలో ఆ ఇంట్లో పుట్టి పెరిగిన ఆడపిల్ల ఉనికే ఉండదు.

తండ్రి పేర ఇల్లుంది, ఆయన పోయారు, కొడుకులు అమ్ముతున్నారు అనుకోండి. అప్పుడు కట్టలోకి కొత్త కాగితాలు వస్తాయి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఉంటే వీలునామా, భాగపరిష్కారం, ఆడపిల్లల నుంచి హక్కు విడుదల పత్రం. నేను చదివిన కట్టల్లో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టినవి ఇవే.

కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టేది ఎక్కువగా కొడుకు. ఎవరు కుటుంబ సభ్యులో రాసిచ్చేదీ అతనే. పెళ్లయిన అక్కచెల్లెళ్లు "వేరే కుటుంబం" అయిపోయారు కాబట్టి రాయనక్కర్లేదని కొందరు నిజంగానే అనుకుంటారు. కొందరు అనుకున్నట్టు నటిస్తారు. ఆ పత్రం ఎవరికీ యాజమాన్యం ఇవ్వదు, ఎవరి యాజమాన్యాన్నీ తీసేయదు. కాని అందులో పేరు లేకపోతే కొనేవాడి లాయరు ఆమె కోసం వెతకడు. అందుకని తండ్రి పోయిన ఇంట్లో ఆడపిల్లలకు మనం చెప్పాల్సిన మొదటి మాట, ఆ పత్రం నకలు తెచ్చుకుని చూసుకోమని. పేరు లేకపోతే తహసీల్దారుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకోమని.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి, ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. "నీకు 1985కి ముందే పెళ్లయింది, నీకు వాటా లేదు" అంటారు. ఇది ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఆంధ్రప్రదేశ్‌లో 1986లో హిందూ వారసత్వ చట్టానికి సవరణ చేసి, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చారు. అది 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. ఆనాటికే పెళ్లయినవాళ్లను అందులోంచి మినహాయించారు. 2005 కేంద్ర సవరణ ఆ మినహాయింపు లేకుండా, పెళ్లితో నిమిత్తం లేకుండా హక్కు ఇచ్చింది. తండ్రి 2005 సెప్టెంబరు 9 నాటికి బతికి ఉండాలా అన్న వివాదాన్ని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, ఉండనక్కర్లేదని. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా జరిగిపోయిన అమ్మకాలను, పంపకాలను మాత్రం ఆ సవరణ కదిలించదు.

అయితే ఇదంతా ఉమ్మడి కుటుంబ ఆస్తి మాట. తండ్రి తన జీతంతో కట్టుకున్న ఇల్లు, వీలునామా రాయకుండా పోయారు, అంటే అది వేరు. అందులో భార్యకు, తల్లి ఉంటే ఆమెకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా 1956 నుంచీ ఉంది. పెళ్లి ఎప్పుడైందన్నది అక్కడ ప్రశ్నే కాదు. పట్టణాల్లో అమ్ముడవుతున్న ఇళ్లలో చాలా భాగం ఇలాంటి స్వార్జితాలే. ఒక చట్టంలోని తేదీని తెచ్చి ఇంకో ఆస్తికి అతికించి ఎంతమంది ఆడవాళ్ల నోరు మూయించారో!

1956 చట్టం కూడా ఇంటి విషయంలో ఒక మెలిక పెట్టింది. దాని 23వ సెక్షన్ ప్రకారం, కుటుంబం కాపురం ఉంటున్న ఇంటిని మగ వారసులు పంచుకోవాలనుకుంటే తప్ప ఆడ వారసులు పంచమని అడగకూడదు. పెళ్లికానివాళ్లు, భర్త వదిలేసినవాళ్లు, భర్తకు దూరంగా ఉంటున్నవాళ్లు, వితంతువులు అయిన కూతుళ్లకు మాత్రమే ఆ ఇంట్లో ఉండే హక్కు ఇచ్చారు. కాపురం సవ్యంగా ఉన్న కూతురికి వాటా ఉంది గాని గుమ్మం లేదు. యాభై ఏళ్లు అలా ఉండి, 2005లో ఆ సెక్షన్ రద్దయింది. చట్ట పుస్తకంలోంచి పోయినా ఇళ్లలో మాత్రం అది ఇంకా అమల్లోనే ఉంది.

ముస్లిం, క్రైస్తవ కుటుంబాల్లో లెక్కలు వేరు. ముస్లిం కుటుంబంలో కూతురికి కొడుకు వాటాలో సగం, పిల్లలున్న వితంతువుకు ఎనిమిదో వంతు. వారసత్వ చట్టం కింద క్రైస్తవ వితంతువుకు మూడో వంతు, మిగతాది కొడుకులకూ కూతుళ్లకూ సమానం. లెక్క ఏదైనా, వాటా ఉన్న ప్రతి స్త్రీ అమ్మకపు దస్తావేజులో అమ్మేవాళ్లలో ఒకరుగా ఉండాలి, లేదా తన వాటాను వదులుకున్నట్టు విడిగా రాసి ఉండాలి. నోటిమాటగా ఇచ్చే హిబా ముస్లిం చట్టంలో చెల్లుతుంది కాబట్టి, ఆడపిల్లలు తమ వాటాను అన్నదమ్ములకు ఎప్పుడో నోటితో ఇచ్చేశారన్న మాట అమ్మకం నాడు హఠాత్తుగా పుట్టుకొస్తుంది. దాన్నీ మనం గమనించుకోవాలి.

ఇప్పుడు హక్కు విడుదల పత్రం సంగతి. "అమ్మా, అన్నయ్య ఇల్లు అమ్ముతున్నాడు, ఒకరోజు వచ్చి సంతకం పెట్టిపో" అని తల్లి చేతే కబురు పంపిస్తారు. రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక చీర పెడతారు, పసుపు కుంకుమ పెడతారు. నేను చదివిన పత్రాల్లో కారణం దాదాపు ఒకే మాటల్లో ఉంటుంది: వివాహ సమయంలో కట్నకానుకలు ముట్టినందువల్ల, తోబుట్టువుల మీది ప్రేమాభిమానాల వల్ల హక్కు వదులుకుంటున్నట్టు. కట్నం ఆమెకు ముట్టిందా, అత్తగారింటికి ముట్టిందా అని ఏ పత్రమూ అడగదు. కట్నాన్ని 1961 చట్టం నేరమన్నది. ఆ నేరాన్నే వాటాకు చెల్లింపుగా రాసుకుని రిజిస్టరు చేయించుకోగలుగుతున్నాం!

ఆమె ఎందుకు సంతకం పెడుతుంది? అమాయకత్వం వల్ల అనుకుంటే మనం చాలా తప్పుగా అర్థం చేసుకున్నట్టు. నేను మాట్లాడిన స్త్రీలలో చదువుకున్నవాళ్లున్నారు, ఉద్యోగస్తులున్నారు. వాళ్లకు లెక్క బాగా తెలుసు. రేపు భర్తతో ఏదైనా వస్తే వెళ్లి తట్టడానికి ఒక తలుపు కావాలి. పురిటికి, పండక్కి, తల్లి మంచాన పడితే చూడ్డానికి ఆ తలుపు తెరిచి ఉండాలి. వాటా అడిగిన మరుక్షణం అది మూసుకుంటుంది. కాబట్టి ఆమె ఇస్తున్నది ఆస్తి, కొనుక్కుంటున్నది పుట్టిల్లు. విచిత్రం ఏమిటంటే, ఆ సంతకంతో అమ్ముడుపోతున్నది కూడా ఆ పుట్టిల్లే. అన్నయ్య డబ్బు తీసుకుని హైదరాబాదులో ఫ్లాటు కొనుక్కుంటాడు. ఆ ఫ్లాటులో ఆమెకు తట్టుకునే హక్కు ఎంత ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

సంతకం పెట్టొద్దని మనం ఎవరినీ శాసించలేం. కాని పెట్టేముందు తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. ఇంటి వాటాను వదులుకునే పత్రం రిజిస్టరు అయితేనే చెల్లుతుంది. తెల్లకాగితం మీద, నోటరీ స్టాంపు మీద పెట్టిన సంతకంతో వాటా పోదు. అలాంటి సంతకం ఎప్పుడో పెట్టేసి, ఇక అంతా అయిపోయిందనుకుని మిన్నకున్న స్త్రీలు మన మధ్య ఎందరో. అలాగే తండ్రి బతికుండగా ఆయన స్వార్జితంలో రేపు రాబోయే వాటాను ఇప్పుడే వదులుకుంటున్నానని పెళ్లినాడు రాయించుకునే కాగితం సాధారణంగా చెల్లదు. ఇంకా రాని హక్కును బదిలీ చేయడం కుదరదని ఆస్తి బదిలీ చట్టం 6వ సెక్షనే చెబుతోంది. అయితే ఒక జాగ్రత్త. ప్రతిఫలం తీసుకుని అలా రాసిచ్చిన సందర్భాల్లో, తర్వాత వాటా అడగకుండా కోర్టులు అడ్డుకున్న తీర్పులు ఉన్నాయి. కాబట్టి "అది చెల్లదులే" అన్న ధైర్యంతో ఎవరితోనూ సంతకం పెట్టించకండి.

ఆమె వదులుకోకుండా అమ్మేవాళ్లలో ఒకరుగా సంతకం చేసినా పని అయిపోలేదు. దస్తావేజులో "పూర్తి సొమ్ము మాకు ముట్టినది" అని ఒక వాక్యం ఉంటుంది. ముట్టింది ఎవరికి? అన్నయ్య ఖాతాలోకి. ఆమె మాత్రం ముట్టిందని ఒప్పుకుని వేలిముద్ర వేసింది. అందుకని అమ్మకపు ఒప్పందం రాసేటప్పుడే ఎవరి వాటా సొమ్ము వారి ఖాతాకు విడివిడిగా చేరాలని రాయించాలి. ఆ చెక్కు నంబర్లు దస్తావేజులో ఎక్కించాలి. సంఘాలు ఈ ఒక్కపని అలవాటు చేయగలిగితే ఎన్నో తగాదాలు మొదలే కావు. ఇందులో కొనేవాడికీ లాభమే, అతనూ అడ్డు చెప్పడు.

ఇప్పటిదాకా కూతురి గురించి మాట్లాడుకున్నాం. భార్య పరిస్థితి ఇంతకంటే కష్టం. ఇల్లు భర్త స్వార్జితం, ఆయన పేరు మీదే ఉంటే, అమ్మడానికి ఆమె సంతకం అవసరమని మన చట్టం ఎక్కడా చెప్పదు. ఇరవై ఏళ్లు ఆ ఇంట్లో చాకిరీ చేసినా, పుట్టింటి బంగారం అమ్మి ఆ ఇంటి పైకప్పు వేయించినా అంతే. గోవాలో పోర్చుగీసు కాలం నాటి పౌరచట్టం కింద భార్యాభర్తల ఆస్తి ఉమ్మడిది, ఒకరి సమ్మతి లేకుండా ఇంకొకరు స్థిరాస్తి అమ్మలేరు. మన రాష్ట్రాల్లో అలాంటిది లేదు. కొందరు కొనేవాళ్లు ముందు జాగ్రత్తగా భార్య చేత సాక్షి సంతకం పెట్టిస్తారు. వట్టి సాక్షి సంతకం వల్ల లోపలి విషయాలన్నీ తెలిసి ఒప్పుకున్నట్టు కాదని న్యాయస్థానాలు అన్నాయి గాని, మిగతా పరిస్థితులతో కలిపి దాన్ని ఆమెకు వ్యతిరేకంగా వాడే వీలుంది. చదవకుండా సాక్షి సంతకం కూడా పెట్టొద్దని చెప్పండి.

ఆమె చేతిలో ఉన్న ఆయుధాలు రెండు. గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే 2005 చట్టం 19వ సెక్షన్ కింద, హింస ఉందని తేలితే, ఆమె కాపురముంటున్న ఇంటిని అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఇల్లు అత్తమామల పేర ఉన్నంత మాత్రాన ఆమె నివాస హక్కు అడగలేకపోదని 2020 అక్టోబరులో సతీష్ చందర్ అహుజా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉత్తర్వు చేతికి రాగానే నకలును సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలి, కొనేవాళ్లెవరో తెలిస్తే వాళ్లకూ పంపాలి. ఉత్తర్వు లేకుండా వట్టి అర్జీ పెడితే రిజిస్ట్రేషన్ ఆపరు, హక్కు ఎవరిదో తేల్చే అధికారం వాళ్లకు లేదు. చాలామంది కార్యకర్తలు ఇక్కడే విసిగిపోయి గుమాస్తాతో పోట్లాడి తిరిగొస్తారు.

రెండోది మనోవర్తి. ఆస్తి మీద వచ్చే మనోవర్తి హక్కు గురించి తెలిసి కొన్నవాడి మీద కూడా ఆ హక్కు నిలబడుతుందని 1956 దత్తత, మనోవర్తి చట్టం 28వ సెక్షన్ అంటుంది. "తెలిసి" అన్న మాట ముఖ్యం. అందుకే ఇల్లు బేరంలో ఉందని తెలిసిన రోజే రాతపూర్వకంగా నోటీసు వెళ్లాలి. పత్రికల్లో లాయర్లు వేసే "ఫలానా ఇల్లు కొనదలిచాము, అభ్యంతరాలుంటే తెలపండి" అన్న చిన్న ప్రకటనలు మనలో ఎవరూ చదవరు. మీ సంఘంలో ఒకరికి ఆ పని అప్పగించండి.

అమ్మేది స్త్రీ అయినప్పుడు ఇంకో రకం చిక్కులు. భర్త పోయిన స్త్రీ అప్పులు తీర్చడానికో, పిల్లల చదువులకో ఇల్లు అమ్మాలనుకుంటుంది. అది భర్త స్వార్జితమై, పిల్లలు మైనర్లయితే, వాళ్ల వాటాను అమ్మడానికి 1956 మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం జిల్లా కోర్టు అనుమతి ఉండాలి. లేకపోతే పిల్లలు మేజర్లయ్యాక మూడేళ్ల లోపు ఆ అమ్మకాన్ని కొట్టేయించవచ్చు. ఆ భయంతో కొనేవాళ్లు ధర తగ్గించి అడుగుతారు. ఆమె తొందరలో ఉంటుంది, బావగారో మరిదో "మేం చూసుకుంటాం, జీపీఏ రాసివ్వు" అంటారు. విదేశాల్లో ఉంటున్న మన తెలుగు ఆడపిల్లలు కూడా అక్కడి కాన్సులేటులో సంతకం చేసి అన్నదమ్ములకు జీపీఏ పంపుతున్నారు. జీపీఏ అంటే తన బదులు ఇంకొకరు సంతకం పెట్టే అధికారం, దాంతో ఇల్లు వాళ్లది కాదు. జీపీఏ మీద జరిగే అమ్మకం యాజమాన్యం ఇవ్వదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కూడా. కాని ఆ అధికారంతో వాళ్లు రిజిస్టర్డు దస్తావేజు రాస్తే, సొమ్ము తీసుకుంటే, ఆమె వాళ్ల వెంట పడాల్సిందే. రాయక తప్పకపోతే ఏ ఇల్లు, ఎంత ధరకు తగ్గకుండా, సొమ్ము ఎవరి ఖాతాకు అన్నవి అందులో రాయాలి. నమ్మకం పోతే రద్దు పత్రం రిజిస్టరు చేయించి, కొనేవాళ్లకూ తెలియజేయాలి.

విరామంలో ఒకామె అడిగారు, "మా దగ్గరికి వచ్చే స్త్రీల దగ్గర ఏ కాగితమూ ఉండదండీ, అన్నీ మగవాళ్ల బీరువాలో ఉంటాయి, ఎలా?" అని. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ కింద స్థిరాస్తి దస్తావేజుల పుస్తకం, అంటే ఒకటో నంబరు పుస్తకం, ఎవరైనా ఫీజు కట్టి చూడవచ్చు, ధ్రువీకరించిన నకలు తీసుకోవచ్చు. ఆ ఇంటితో సంబంధం ఉందని రుజువు చూపనక్కర్లేదు. రిజిస్టరైన వీలునామా నకలు రాసినవారు బతికుండగా ఇతరులకు ఇవ్వరు, పోయాక దరఖాస్తు చేసిన ఎవరికైనా ఇస్తారు. ఇంటి నంబరు, ఊరు, సుమారు సంవత్సరం తెలిస్తే ముందు ఈసీ తీయండి. అందులో దస్తావేజు నంబర్లు దొరుకుతాయి, వాటితో నకళ్లకు దరఖాస్తు పెట్టండి. నకళ్లు వచ్చాక ఒక తెల్లకాగితం మీద వంశవృక్షం గీయండి. ఆడవాళ్ల పేర్లు కూడా వేసి గీయండి, పోయినవాళ్లవి, పెళ్లై వెళ్లినవాళ్లవి అన్నీ. తర్వాత ఒక్కొక్క దస్తావేజు తీసి, ఆ వృక్షంలో ఎవరి సంతకం ఉంది, ఎవరిది లేదు అని టిక్కు పెట్టుకుంటూ రండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మూడు కట్టలు తెచ్చాను, పేర్లు కొట్టేసినవి. గుంపులుగా కూర్చుని ఆ పని చేద్దాం.